రాగి చెక్కిన మా కోడి

సర్క్యూట్ బోర్డులు గీయడం నా ఉద్యోగమని చెబితే ఈ కాలం పిల్లలు వెంటనే, ఏ సాఫ్ట్‌వేర్‌లో అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ కాదు నాయనా, బ్లేడూ టేపూ. పాలగాజు బల్ల కింద ట్యూబులైటు వెలుగుతుంటుంది. బల్ల మీద పారదర్శకమైన ఫిల్ము పరుచుకుని, సన్నటి నల్ల టేపును వేలితో అదుముతూ, మలుపు దగ్గర బ్లేడుతో కోస్తూ, ఒక్కో దారినీ అంటించుకుంటూ పోవాలి. అసలు బోర్డుకు రెట్టింపు సైజులో అంటించిన ఆ ఫిల్మును ఫోటో తీసి, సగానికి తగ్గించి, రాగి పూత ఉన్న పలక మీద ముద్ర వేసి, అక్కరలేని రాగిని మందునీళ్ళలో కరిగించేవారు. కరగకుండా మిగిలిన రాగి దారుల్లోనే కరెంటు నడుస్తుంది. నేను తుమ్మితే ఎక్కడో ఒక నూలు మిల్లు ఆగిపోతుందని మావాళ్ళు ఎగతాళి చేసేవారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

నెల్లూరు నుంచి కోడలిగా మైలాపూరు వచ్చిన దాన్ని. డిప్లొమా కాగితం పెట్టె అడుగున మగ్గిపోతుంటే చూడలేక, రెండు బస్సులు మారి అంబత్తూరు ఎస్టేట్‌లోని ఒక చిన్న కంపెనీకి వెళ్ళేదాన్ని. నూలు మిల్లుల యంత్రాలకు కంట్రోల్ కార్డులు చేసే షెడ్డు అది. యజమానిని అందరూ ముదలాళి అనేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. తమిళాయన. మాట తక్కువ మనిషి, మాటంటే మాటే.

తొంభైల నడుమ ఒక వేసవిలో ఆయన నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటేనే నాకు అర్థమైంది. బోర్డులు గీసే పనిని ఊళ్ళో ఒక కంప్యూటర్ ఆఫీసుకు ఇచ్చేశారట. వాళ్ళు నా కంటే తొందరగా, నా కంటే చక్కగా గీస్తున్నారు. స్కూళ్ళు తెరిచే నాటికి నేను ప్యాకింగుకు మారాలి. జీతం తగ్గదు. ఆయన చెప్పిన తీరులో అమర్యాద ఏమీ లేదు. బయటికొచ్చి నా వెలుగు బల్ల ముందు కూర్చుని, చేయడానికి ఏమీ లేక, దాని గాజును శుభ్రంగా తుడిచాను.

అప్పుడు నా పక్కకొచ్చి నిలబడ్డ మనిషి గురించి చెప్పాలి. మా షెడ్డులో మెషిన్ల బాగోగులు చూసే ఇన్‌ఛార్జి ఆయన. ఊళ్ళోనే చూలై పేటలో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ. నేను అన్నా అనేదాన్ని. ఆయన ఇంట్లో ఖాళీ వేళల్లో ఒక యంత్రం కట్టుకున్నాడు. కంప్యూటర్ చెప్పినట్టు అటూ ఇటూ కదిలి, తిరిగే సన్నటి మొనతో రాగి పలకను చెక్కే యంత్రం. మందునీళ్ళు అక్కర్లేదు. దారికి రెండు వైపులా గీత చెక్కితే చాలు, మధ్యలో రాగి దారి మిగిలిపోతుంది. కాగితం మీద బొమ్మలు గీసే పాత ప్లాటర్ నుంచి పీకిన మోటార్లు, పాత ఇనుములో ఏరిన పొడవాటి స్క్రూలు, ఒక పళ్ళ డాక్టరు మూల పడేసిన డ్రిల్లు, కవరు లేని ఒక పాత కంప్యూటర్. ఆ మోత భరించలేక వదిన దాన్ని గడప దాటించింది. ముదలాళిని బతిమాలి మా షెడ్డు మూలకు చేర్చాడు. అది తల దించుకుని పలకను పొడుస్తుంటుంది కనుక షెడ్డులో దానికి కోడి అని పేరు పడిపోయింది.

అప్పటిదాకా ఆ కోడి ఒక్క పనికొచ్చే బోర్డూ చెక్కలేదు. అన్నకు దాని మీద మమకారమే కానీ, దానికి చేయడానికంటూ ఒక పని ఉండేది కాదు. ఆ పని ఒక హెడ్‌మిస్ట్రెస్ రూపంలో వచ్చింది.

చెవిటి పిల్లల బడి ఆవిడది. క్లాసులో ప్రతి బల్లకూ హెడ్‌ఫోన్లు ఉంటాయి. టీచరు మైకులో మాట్లాడితే ఒక పెద్ద ఆంప్లిఫైయర్ ఆ గొంతును బాగా పెంచి ఒక్కో పిల్ల చెవికీ చేరుస్తుంది. ఆ పిల్లల్లో చాలామందికి కొద్దిగా వినికిడి మిగిలే ఉంటుంది. పెద్ద శబ్దం అందితే దాన్ని పట్టుకుని మాట నేర్చుకుంటారు. ఎప్పుడో విదేశం నుంచి ఎవరో దానమిచ్చిన ఆ పెట్టెలోకి, వానకు గోడ కారి నీళ్ళు దిగి, లోపలి బోర్డు కాలిపోయింది. చేసిన కంపెనీ ఆ మోడల్ మానేసి చాలా కాలమైంది. ఊళ్ళో బోర్డులు చేసేవాళ్ళు వందల్లో అయితే చేస్తాం, ఒక్కటంటే కుదరదు అన్నారట. వైర్లు వేసి అతుకుదామంటే పలకలో సగం బొగ్గయింది. మా షెడ్డులోనే మందునీళ్ళతో చేద్దామా అంటే, కాలువలోకి వదిలారని ఫిర్యాదు వచ్చిన నాటి నుంచి ముదలాళి ఆ మందును గేటు లోపలికి రానివ్వడం లేదు.

ఆవిడదీ తెలుగే. చూలై వైపు క్రైస్తవుల కుటుంబం. ముదలాళితో తమిళంలో మాట్లాడి, ఆయన తన వల్ల కాదని చేతులు జోడించాక, వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది.

"మిషను చెడిపోతే మూల పెట్టేస్తామమ్మా, అది ఆడనే ఉంటాది. పిల్లకాయలకి మాటలొచ్చే వయసు అట్ట ఆగదు గదా" అంది.

నేను ఆ బోర్డును చేతిలోకి తీసుకున్నాను. అదృష్టం ఏమిటంటే, ఒక్కో బల్లకు ఒక్కో అమరిక చొప్పున, బోర్డు మీద అదే అల్లిక పక్కపక్కనే మళ్ళీ మళ్ళీ ఉంది. కాలిన చోట ఏముండేదో కాలని చోట కనిపిస్తోంది. గీయగలను అన్నాను. వెనక నుంచి అన్న, చెక్కగలను అన్నాడు. మా ఇద్దరివీ ఎంత తొందరపాటు మాటలో ఆ తర్వాత తెలిసింది.

ముదలాళి విన్నారు. నవ్వలేదు. స్కూళ్ళు తెరిచేలోగా ఆ బోర్డు క్లాసులో పనిచేస్తే కోడి ఇక్కడే ఉంటుందని, దాని ముందు నేను కూర్చోవచ్చని అన్నారు. లేకపోతే ఆ మూలలో టెస్టింగ్ బల్ల వేస్తారు. నేను ప్యాకింగుకు, కోడి పాత ఇనుముకు.

మొదటి పరీక్షగా, మొన బదులు ఒక పెన్ను బిగించి, కాగితం మీద వృత్తం గీయమన్నాం. అన్న కీబోర్డు నొక్కాడు. మోటార్లు కీచురాళ్ళలా అరుస్తూ గీశాయి. కాగితం తీసి స్కేలు పెట్టి చూస్తే వృత్తం ఒక వైపు సాగి ఉంది. ప్యాకింగు నుంచి చూడ్డానికి వచ్చిన ఒకామె, కోడి గుడ్డు పెట్టింది అంది. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, అన్న మొహం చూసి ఆపాను.

నూరు మిల్లీమీటర్ల గీత గీయించి వెర్నియర్ కొలబద్దతో కొలిచాం. నిలువు గీత సరిగ్గా ఉంది. అడ్డగీత ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు ఎక్కువ. మామూలు కంటికి ఆ తేడా తెలియదు. కానీ ఐసీ అనే నల్లటి చిప్పుకు రెండు వైపులా బారుగా కాళ్ళుంటాయి, ఒక్కో రంధ్రం దగ్గర కొంచెం కొంచెం జరిగితే చివరి కాలు రంధ్రంలోకి దిగదు. అన్న తన ప్రోగ్రామునే అనుమానించాడు. ఎన్నిసార్లు చదివాడో, ఎన్ని లైన్లు మార్చాడో. మార్చినకొద్దీ గుడ్డు ఆకారం మారింది కానీ గుండ్రం కాలేదు. ఒక దశలో దోసకాయ అయింది.

నేను మాత్రం ఒక సంగతి గమనించాను. తప్పు ప్రతిసారీ ఒకే పాళ్ళలో ఉంది. యాభై పొమ్మంటే నూరుకు వచ్చిన తేడాలో సగం, పాతిక పొమ్మంటే అందులోనూ సగం. టేపు పనిలో ఫోటోవాడు సరిగ్గా సగానికి తగ్గించకపోతే ఇలాగే అయ్యేది. అన్నీ ఒకే పాళ్ళలో పెరిగేవి. అప్పుడు మేము ఫిల్మును కాదు, కెమెరాను అనుమానించేవాళ్ళం. ఆ మాట అన్నతో అన్నాను. ఆయన కంప్యూటర్ ఆపేసి, బల్లను అడ్డంగా జరిపే పొడవాటి స్క్రూను విప్పి గుడ్డలో చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డులోకి వస్తూనే నవ్వుతున్నాడు. చూలైలో వాళ్ళ చిన్నాన్నకు చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. ఆయన దగ్గర మర కొలిచే పళ్ళ రేకులుంటాయి. దువ్వెనలాంటి ఆ రేకును స్క్రూ మరకు ఆనించి చూస్తే సంగతి బయటపడింది.

"నిలువుది మిల్లీమీటరు కొలతమ్మా. అడ్డంది ఏదో తెల్లోడి కాలపు లేత్‌ది. అంగుళానికి పది మరలు" అన్నాడు. "నేను రెండూ ఒకటే అనుకోని లెక్క గట్టినాను. పాపం ప్రోగ్రామును ఊరికే తిడతా ఉన్నా."

ఒక మిల్లీమీటరుకు మోటారు ఎన్ని అడుగులు వేయాలో చెప్పే అంకెను అడ్డానికి వేరే, నిలువుకు వేరే పెట్టాడు. మళ్ళీ పెన్ను. ఈసారి వృత్తం వచ్చింది. మధ్యలో ఎటు కొలిచినా ఒకటే. ఆ కాగితాన్ని ప్యాకింగు ఆమె చేత్తోనే గోడకు అంటించాం.

వృత్తం వచ్చింది కదా అని ఎగిరాం కానీ, చతురస్రం గీయిస్తే మూల మూసుకోలేదు. మొదలుపెట్టిన చోటికి గీత తిరిగి చేరడం లేదు. స్క్రూ వెనక్కు తిరిగినప్పుడల్లా నట్టు ఆ మరల మధ్య కొంచెం వదులుగా ఆడుతోంది. మోటారు తిరుగుతుంది, బల్ల మాత్రం కాసేపు ఊరికే నిలబడి తర్వాత కదులుతుంది. నా భర్తను పొద్దున లేపడం గుర్తొచ్చింది. అన్న నట్టును రెండు ముక్కలుగా కోసి మధ్యలో స్ప్రింగు పెట్టాడు. ఒక ముక్క ముందుకు, ఒకటి వెనక్కు మరను నొక్కి పట్టుకున్నాయి. వదులు చాలావరకు పోయింది. మిగిలిన కాస్తనూ ప్రోగ్రాములో కలిపేశాడు, వెనక్కు తిరిగినప్పుడల్లా ముందుగా ఆ కాస్తా తిరిగేటట్టు. మూల మూసుకుంది.

ఇక అసలు కష్టం లోతు దగ్గర వచ్చింది. చెక్కే మొన ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో ఉంటుంది. లోతుగా దిగితే గీత వెడల్పయి పక్క దారిని తినేస్తుంది. పైపైన పోతే రాగి తెగదు. తేడా అంతా కాగితం మందం లోపలే. మొదటిసారి చెక్కిన పలక ఎడమ వైపు కాలువ తవ్వినట్టుంది, కుడి వైపు గీతే పడలేదు. పలక కింద వేసిన చెక్క సమంగా లేదు. దాన్ని ఎంత తోముతాం? అన్న తెలివైన పని చేశాడు. కోడికే వెడల్పాటి మొన బిగించి, కింద చెక్కను దానిచేతే చదును చేయించాడు. దాని నడక ఎలా ఉందో దాని నేలా అలాగే తయారైంది. అది చూసి నాకు ఒళ్ళు పులకరించింది.

అయినా పలక పలకే. కొనేటప్పుడే కొంచెం వంగి ఉంటుంది. మధ్యలో గీత సన్నగా, అంచుల్లో లావుగా వస్తోంది. సన్నటి మొనలు విరిగిపోతున్నాయి. స్కూళ్ళు తెరిచే రోజు దగ్గరపడుతోంది. అన్న మొదటిసారి, మన వల్ల కాదని ముదలాళితో చెప్పేద్దామా అమ్మా అని అడిగాడు. ఆయన గొంతు అలా దిగడం నేను అంతకు ముందు వినలేదు.

అప్పటికి నేను చెడిన పలకనే పరీక్షిస్తున్నాను. చేతిలో మీటరు ఉంది. అది నా రోజువారీ పనిముట్టు. బోర్డు మీద దారి తెగిందా లేదా చూడ్డానికి దాని రెండు ముళ్ళనూ రెండు చివర్ల ఆనిస్తాం. దారి ఉంటే కుయ్ మంటుంది. ఆలోచన లేకుండా ఒక ముల్లును రాగి పలకకూ, ఇంకోదాన్ని కోడి మొనకూ తగిలించాను. మొనను చేత్తో మెల్లగా కిందికి తిప్పాను. రాగిని తాకిన ఆ క్షణాన మీటరు కుయ్ మంది.

అన్న నా వైపు చూశాడు, మీటరు వైపు చూశాడు.

"ఇదే అమ్మా" అన్నాడు. "ఏడ తగిలితే ఆడ ఎత్తు తెలిసిపోతాది గదా."

ఇంక ఆయన్ను పట్టుకోలేకపోయాం. ఆ రెండు వైర్లనూ కంప్యూటర్‌కే కలిపాడు. మొన పలక మీద గళ్ళు గళ్ళుగా తిరుగుతూ, ఒక్కో చోట మెల్లగా దిగి, రాగిని తాకి, ఆ ఎత్తును గుర్తు పెట్టుకుని, మళ్ళీ లేచేది. నిజంగానే కోడి గింజలు ఏరుకున్నట్టే. పలక ఎక్కడ ఉబ్బిందో ఎక్కడ దిగిందో దానికి తెలిసిపోయింది. చెక్కేటప్పుడు ఆ మిట్టపల్లాల వెంటే మొన కూడా లేస్తూ దిగుతూ నడిచేది. ఇప్పుడు మీరు కొనే యంత్రాల్లో ఈ పని ఒక బటన్ నొక్కితే అయిపోతుందట. మంచిదే. మేము దాన్ని ఎవరినీ చూసి నేర్చుకోలేదని మాత్రం కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను.

నేను గళ్ళ కాగితం మీద గీసిన దారుల కొలతలన్నీ అన్న కంప్యూటర్‌కు ఎక్కించాక, బోర్డు చెక్కడానికి ఆదివారం పొద్దున ఎంచుకున్నాం. మామూలు రోజుల్లో పక్క షెడ్డులో రేకులు కొట్టే పెద్ద ప్రెస్సు నేలనే ఊపేస్తుంది. ఆదివారం దానికి సెలవు. గేటు తీయడానికి వచ్చిన ముదలాళి వెళ్ళిపోకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అన్న మొహం తుడుచుకుని కీ నొక్కాడు.

రాగి పొడి సన్నగా లేచింది. నేను నెలల తరబడి టేపుతో అంటించేంత పని కళ్ళ ముందు గీతలు గీతలుగా తేలుతోంది. ఐసీ కాళ్ళ మధ్య నుంచి పోయే దారి, వెంట్రుకంత సన్నటిది, ఎక్కడా తెగకుండా వచ్చింది. ముప్పాతిక వంతు అయ్యాక టిక్ మని శబ్దం. మొన విరిగింది.

అంతకు ముందు అయితే ఆ పలక పారేయాల్సిందే. కొత్త మొన పాతదానంత పొడవు ఉండదు. సరిగ్గా అదే చోట, అదే లోతులో మళ్ళీ మొదలుపెట్టడం చేత్తో అయ్యే పని కాదు. అన్న కొత్త మొన బిగించాడు. దాన్ని మొదటి మూలకు పంపి రాగిని తాకించాడు. తాకింది, ఎత్తు తెలిసింది. ఆగిన చోటికి పొమ్మన్నాడు. అది వెళ్ళి, సగంలో ఆగిన గీతలోకే దిగి, ముందుకు సాగిపోయింది.

అయిపోయాక ముదలాళి ఆ పలకను తీసుకుని, నా భూతద్దం అడిగి పుచ్చుకుని, మొన విరిగిన చోటు ఎక్కడ అని అడిగారు. నేను చూపించబోయాను. భూతద్దంలో వెతికాను. అన్న వెతికాడు. మాకు ఆ అతుకు దొరకలేదు. ముదలాళి భూతద్దం నా చేతిలో పెట్టి, బాగుంది అన్నారు. ఆయన ఇంకొకరి పనిని బాగుందనడం ఆ షెడ్డులో చాలామంది ఎప్పుడూ విని ఉండరు.

ఆ కోడి ఆ మూలలో చాలా కాలం ఉంది. మా దగ్గరికి ఒక్క బోర్డు కావాలని వచ్చేవాళ్ళు పెరిగారు. ఆస్పత్రుల వాళ్ళు, కాలేజీల వాళ్ళు, పాత యంత్రాలను వదులుకోలేని మిల్లుల వాళ్ళు. దాని తర్వాత ఇంకో రెండు కట్టాం. నేను కంప్యూటర్‌లో గీయడం నేర్చుకున్నాను, ఆ విభాగానికే పెద్దనై రిటైరయ్యాను. ప్యాకింగు ముఖం చూడలేదు. అన్న తన కోడళ్ళందరికీ ఆ వృత్తం కథ చెప్పాడు. అందులో నా మీటరు వాటా ఏటేటా పెరుగుతూ వచ్చింది.

కానీ నేను చెప్పాలనుకున్నది స్కూలు తెరిచిన రోజు గురించి.

బోర్డులో భాగాలన్నీ సాల్డర్ చేసి, పెట్టెలో బిగించి, ముగ్గురం ముదలాళి కారులోనే వెళ్ళాం. అర్ధచంద్రంలా వేసిన బల్లల వెనక పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. శబ్దం వినపడితే చెయ్యెత్తాలి, వినపడ్డ మాటను తిరిగి పలకాలి. వాళ్ళకు అదే అలవాటు. హెడ్‌మిస్ట్రెస్ స్విచ్చి వేసి, పెదవులు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని, మైకులో ఒక మాట అంది. ఒక చెయ్యి లేచింది. తర్వాత వరుసగా లేచాయి. చివరి బల్ల దగ్గర రెండు జడల పిల్ల మాత్రం కదలలేదు. ఆ బల్లకు వెళ్ళే దారి నేను కాలిన చోట ఊహించి గీసినదే. హెడ్‌మిస్ట్రెస్ వెళ్ళి ఆ బల్ల మీది వాల్యూము నాబు తిప్పింది. అది సున్నా దగ్గర ఉంది. పిల్ల ఉలిక్కిపడి, రెండు చేతులూ ఎత్తేసింది.

ఇక వాళ్ళు ఆవిడను ఆగనివ్వలేదు. ఇంకా ఇంకా అని సైగలు. పళ్ళ పేర్లు అయ్యాయి, జంతువుల పేర్లు అయ్యాయి. ఆవిడ అలసిపోయి, నవ్వుతూ మైకును నా చేతికిచ్చింది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో, షెడ్డు మోత మధ్య బోర్డుకు మీటరు ముళ్ళు ఆనించి పక్కవాళ్ళను అడిగే ప్రశ్న ఒక్కటే నోటికొచ్చింది. నా వచ్చీరాని తమిళంలో, వినిపిస్తోందా అని అడిగాను.

"కేక్కుదా?"

పిల్లలకు అది ప్రశ్న అని తోచలేదేమో. తిరిగి పలకమన్న మాట అనుకున్నారు. ఒక్కో గొంతు ఒక్కో రకంగా, కొన్ని గట్టిగా, కొన్ని వంకరగా, క్లాసంతా ఒక్కసారి నన్నే అడిగింది.

"కేక్కుదా?"

గుమ్మంలో నిలబడ్డ అన్నే నా బదులు జవాబు చెప్పాడు.

"వినిపిస్తా ఉండాది తల్లీ. బాగా వినిపిస్తా ఉండాది."